మనిషిని చెప్పే చోటు: కథలో స్థలాన్ని పాత్రకు ప్రతీకగా వాడటం ఎలా?

ముందు ఈ రెండూ చదవండి.

“ఆ నడవ చీకటిగా, దిగులుగా, ఆమె బతుకులాగే బోసిగా ఉంది.”

“నడవలో దీపం స్విచ్చి పెద్ద తమ్ముడి గదిలో ఉంది. వాడు చదువు ముగించి ఆర్పితేనే అక్కకు రాత్రయినట్టు.”

మొదటి దాంట్లో రచయిత మన చెవిలో చెబుతున్నాడు. చీకటి, దిగులు, బోసి అని మూడు మాటలు పేర్చాడు గానీ ఆమె ఎవరో మనకు తెలియలేదు. రెండో దాంట్లో దిగులు అన్న మాటే లేదు. ఒక స్విచ్చి ఎక్కడుందో చెప్పాడంతే. ఆ ఇంట్లో ఎవరి రాత్రి ఎవరి చేతిలో ఉందో మనకే తట్టింది.

ఈ వ్యాసమంతా ఆ తేడా గురించే. చోటు పాత్రకు ప్రతీక కావాలంటే అది పాత్రను “పోలి” ఉండాలని చాలామంది అనుకుంటారు. కోపిష్టి మనిషికి ఎర్ర గోడలు, ఒంటరి మనిషికి ఖాళీ గది. అలా వెతికితే దొరికేవన్నీ అరిగిపోయిన ఉపమానాలే. పోలిక మానేసి వాడకం చూడండి. ఆ మనిషి అక్కడ ఏళ్ల తరబడి ఎలా మసిలింది, దేనికి సర్దుకుంది, ఏది తనది అనుకోలేకపోయింది? ఆ గుర్తులు చోటు మీద పడి ఉంటాయి. రాయాల్సింది వాటిని.

నేను ఇది తేలిగ్గా నేర్చుకోలేదు. మొదట్లో ఒక కథలో పాత మేడని రెండు పేజీలు వర్ణించాను. కిటికీ రెక్కలు, మెట్ల కింద చీకటి, పావురాలు, ఏదీ వదల్లేదు. కథ తిరిగొచ్చింది. మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక్క ముక్క: “ఇల్లు బాగుంది. అద్దెకిస్తారా?” ఆ ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి సంపాదకుడు అంతకన్నా మర్యాదగా చెప్పలేడు.

పైన కనిపించిన అక్కనే ఉదాహరణగా పెట్టుకుని, ఒక్కో అడుగూ వేద్దాం.

మొదటి అడుగు: పాత్రలోని పీటముడిని ఒక్క వాక్యంలో రాయండి

ఆ వాక్యంలో “కానీ” ఉండాలి. “ఆమె మంచిది” అంటే దానికి చోటు దొరకదు. మంచితనానికి ఆకారం లేదు. “తమ్ముళ్లిద్దర్నీ పెంచి పెద్దచేసింది, కానీ ఆ ఇంట్లో తనకంటూ ఏమీ ఉంచుకోలేదు, ఇప్పుడు ఉంచుకోమన్నా చేతకాదు” అంటే అందులో ముడి ఉంది. ఆ ముడిలో రెండు కొసలు ఒకదాన్నొకటి లాగుతున్నాయి కాబట్టి చోటు కూడా రెండు వైపులా లాగగలదు. ఇల్లంతా ఆమెదే, ఇంట్లో ఏదీ ఆమెది కాదు.

ఈ వాక్యం కథలోకి రాదు. కాగితం మీద విడిగా రాసి పక్కన పెట్టుకోండి. చివర్లో దీనితో పని పడుతుంది.

రెండో అడుగు: పోలిక వెతక్కండి, ప్రశ్నలు వేయండి

ఆమె ఎక్కడ నిద్రపోతుంది? తన వస్తువులు ఎక్కడ పెట్టుకుంటుంది? ఏ తలుపును లోపల నుంచి గడియ పెట్టుకోగలదు? ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చుంటుంది, లేక నిలబడే మాట్లాడుతుందా? ఇంట్లో ఏది చెడితే వెంటనే బాగుచేయిస్తుంది, ఏది చెడినా నెలల తరబడి అలాగే వాడుకుంటుంది? ఎవరూ లేనప్పుడు ఎక్కడికి వెళ్తుంది?

నా కథలోని అక్కను అడిగితే వచ్చిన జవాబులు ఇవి. రెండు గదుల మధ్య నడవలో మంచం వేసుకుని పడుకుంటుంది. బట్టలు తమ్ముడి బీరువా కింది అరలో ఉంటాయి. ఆమె గడియ పెట్టుకోగలిగే తలుపు స్నానాల గదిది ఒక్కటే. అంటే ఆమె ఉండే చోటు, ఉండటానికి కట్టింది కాదు. అందరూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడానికి కట్టింది. ఇక్కడ నాకు కలం ఆగింది. పోలిక కోసం వెతికి ఉంటే నడవ తట్టేదే కాదు, “మంచం ఎక్కడ?” అని అడిగితే తట్టింది.

ఈ దశలో మొదట తోచిన మూడు ఆలోచనల్నీ కొట్టేయండి. నాకు తోచినవి ఎండిన పూలకుండీ, పంజరంలో చిలక, ఆగిపోయిన గడియారం. మీకూ ఇవే తోచి ఉంటాయి, అదే ఇబ్బంది. ఆగిన గడియారాలంటారా, పెళ్లి పీటల దాకా వచ్చి మోసపోయిన మిస్ హావిషమ్ ఇంట్లో గడియారాలన్నీ తొమ్మిదికి ఇరవై నిమిషాల దగ్గరే ఆగిపోయినట్టు చార్లెస్ డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవలలో 1860–61లోనే రాసేశాడు. అక్కడ కూడా అవి వాటంతటవి ఆగలేదు, ఆ కబురు అందిన నిమిషం దగ్గర ఆవిడే ఆపించింది. చోటు మీద మనిషి చేసిన పని అది. తర్వాత వచ్చిన అనుకరణల్లో గడియారం మిగిలింది గానీ ఆపిన చెయ్యి మిగల్లేదు.

మూడో అడుగు: చోటుకి ఒక లౌకికమైన కారణం ఇవ్వండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. జనం ఎక్కువగా దాటేసేదీ ఇదే.

అక్క నడవలో ఎందుకు పడుకుంటుంది? “ఆమె త్యాగమూర్తి కాబట్టి” అని జవాబిస్తే చోటు అప్పుడే చచ్చిపోయింది. పాఠకుడికి రచయిత చెయ్యి కనిపిస్తుంది: ప్రతీక కావాలి కాబట్టి మంచాన్ని ఈయనే అక్కడికి ఈడ్చాడని. కథలోని మనుషులకు ప్రతీకలతో పని లేదు. వాళ్లకు నిద్ర, గాలి, డబ్బు, నడుం నొప్పి, ఇవీ పనులు.

కాబట్టి ఒక కారణం వెతికాను. చిన్న తమ్ముడికి ఉబ్బసం. రాత్రిళ్లు ఆయాసం వస్తే మూలుగు వినిపించాలి. పెద్దవాడు పరీక్షలకు చదువుకుంటున్నాడు కాబట్టి వాడి గది వాడికి ఉండాలి. రెండు తలుపులకూ సమానదూరంలో, రెండు చప్పుళ్లూ వినిపించేలా ఒకే చోటుంది. అక్క మంచం అక్కడ వేసుకుంది. ఇందులో త్యాగం పేరుతో ఏమీ లేదు. ఇంట్లో ఎవరైనా చేసే ఏర్పాటు.

ఇప్పుడు ఆ కారణాన్ని తీసేయండి. చిన్నవాడికి పన్నెండేళ్లు దాటాక ఆయాసం తగ్గింది. పెద్దవాడి పరీక్షలు అయిపోయాయి. మంచం మాత్రం అక్కడే ఉంది.

చూశారా? కారణం ఉన్నంత కాలం అది ఏర్పాటు. కారణం పోయాక కూడా ఉంటే స్వభావం. ప్రతీక పుట్టేది ఆ ఖాళీలో. గొళ్లెం మీద గొళ్లెం పెట్టిన ఇల్లయితే ఒకప్పుడు దొంగతనం జరిగి ఉండాలి, ఇప్పుడు దొంగలు లేకపోవాలి. తెర తీయని కిటికీ అయితే ఒకప్పుడు ఎదురింట్లో ఎవరో ఉండి ఉండాలి, ఇప్పుడు ఆ ఇల్లు ఖాళీ అయి ఉండాలి. ఈ లెక్క ప్రతిసారీ పనిచేస్తుందని ఒట్టు వేయను గానీ, నాకు చోటు మొండికేసినప్పుడల్లా ఈ తాళంచెవే ముందు తిప్పి చూస్తాను.

నాలుగో అడుగు: మూడు వివరాలు ఎంచుకుని మిగతావి వదిలేయండి

మీ దగ్గర ఈపాటికి ఇరవై వివరాలుంటాయి. మూడు చాలు. అవి కూడా మూడు రకాలుగా ఉంటే మంచిది: ఒకటి వాడకం వల్ల పడిన గుర్తు, ఒకటి చోటు అమరిక, ఒకటి చూపుకి అందనిది, అంటే చప్పుడో వాసనో స్పర్శో.

నడవకు నేను ఉంచుకున్నవి: మంచం పక్క గోడకు మోకాలెత్తున సున్నం రాలిపోయింది, దాటే వాళ్లు ఒరుసుకుంటూ పోతారు కాబట్టి. స్విచ్చి పెద్దవాడి గదిలో ఉంది. నడవకు కిటికీ లేదు, అందుకని గాలి ఆడదు. మూడోది చూడటానికి మామూలుదే, కానీ కాస్త ఆగండి, దానికి తర్వాత పెద్ద పనుంది.

వాక్యంలో విశేషణం మీద కన్నా క్రియ మీద బరువు వేయండి. తెలుగులో మనకు ఇంకో వెసులుబాటుంది. “సున్నం రాలింది” అంటే దానంతటది రాలినట్టు, “సున్నం రాల్చారు” అంటే ఎవరో చేసినట్టు. “తలుపు మూసి ఉంది”, “తలుపు మూసుకుంది”, “తలుపు మూశారు” ఒకటి కావు. పాత్ర ఏ పనికి కర్త, ఏ పనికి కాదు అన్నది ఈ క్రియల్లోనే చెప్పేయొచ్చు. అక్క గురించిన చోట నేను కావాలనే ఆమెను కర్తగా తక్కువ వాడాను. దీపం ఆరుతుంది, తలుపు తెరుచుకుంటుంది, ఎవరో దాటతారు. ఆమె కర్తగా ఉన్న వాక్యం పేజీకి ఒకటి మించలేదు.

ఇలా తయారైంది:

“చిన్నాడు నీళ్లకని లేచినప్పుడల్లా గోడకు ఒరుసుకుంటూ మంచం దాటతాడు. అక్కడ మోకాలెత్తున సున్నం రాలిపోయి ఇటుక కనిపిస్తోంది. ఈసారి వెల్ల వేయించినప్పుడు నడవ మానేశారు. ఎలాగూ రాలిపోయేదే కదా అంది అక్క.”

ఐదో అడుగు: ఎవరి కంటితో చూస్తున్నారో తేల్చుకోండి

అక్క తన నడవను చూడదు. పదేళ్లుగా పడుకున్న చోటు ఎవరికీ కనిపించదు. ఆమె దృష్టికోణంలో కథ నడుపుతూ సున్నం రాలిన గోడను నాలుగు వాక్యాలు వర్ణిస్తే అబద్ధం. ఆమె కంటికి ఆనాల్సింది మారినదే: రోజూ ఉండే చెప్పులు లేకపోవడం, ఎప్పుడూ తెరిచుండే తలుపు దగ్గరగా వేసి ఉండటం.

చోటును పూర్తిగా చూడగలిగేది కొత్తగా వచ్చినవాళ్లు. కాబట్టి నేను ఇంట్లోకి పెద్ద తమ్ముడి భార్యను తెచ్చాను. వచ్చిన మూడో రాత్రి ఆ అమ్మాయి నీళ్లకని గది బయటికి వచ్చి, చీకట్లో మంచం కోడు తగిలించుకుంది.

“అయ్యో, మీరిక్కడ పడుకున్నారేంటి వదినా?”

“ఇక్కడ గాలి బాగా వస్తుందమ్మా.”

కిటికీ లేదన్న సంగతి పాఠకుడికి రెండు పేజీల ముందే తెలుసు, అదీ ఉతికిన బట్టలు ఆరడం లేదన్న సందర్భంలో. కాబట్టి ఈ జవాబు వినగానే అతనికి ఏదో కలుక్కుమంటుంది. “ఆమె అబద్ధం చెప్పింది” అని నేను రాయనవసరం లేదు. మాట ఒకటి చెబుతుంటే గోడలు ఇంకోటి చెబుతున్నాయి. సంభాషణ రాసేటప్పుడు చోటును ఇలా సాక్షిగా నిలబెట్టుకోవడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన కిటుకు.

ఇక్కడే వాన గురించి ఒక మాట. పాత్ర ఏడిస్తే ఆకాశం ఏడవడం, ప్రేమలో పడితే పూలు నవ్వడం వద్దు. మనిషి భావాన్ని ప్రకృతికి అంటగట్టే ఈ అలవాటుకి ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ 1856లో ‘పాథెటిక్ ఫాలసీ’ అని పేరు పెట్టాడు. ప్రకృతికి ఆ భావాలు నిజంగా లేవు, దుఃఖంలో ఉన్న కంటికి అలా కనిపిస్తాయి అన్నది ఆయన వాదన. అందులోనే మనకు దారి కూడా ఉంది: వానను ఏడిపించాలనుకుంటే, అది ఏ పాత్ర కంటికి ఏడుస్తోందో ఆ పాత్రకే వదిలేయండి. కథకుడు మాత్రం వాన కురిసిందని చెప్పి ఊరుకోవాలి.

కావ్యశాస్త్రం రాసిన మన ఆలంకారికులు ఈ సంగతిని ఇంకో వైపు నుంచి చూశారు. రసానికి ఆధారమైన మనిషి ఆలంబన విభావం, ఆ భావాన్ని రగిలించే వెన్నెల, ఉద్యానం, ఏకాంతం వంటివి ఉద్దీపన విభావాలు. అంటే చోటు భావాన్ని రగిలిస్తుంది, అంతేగాని మనిషికి బదులు తానే భావాన్ని మోయదు. నేను ఈ విభజనను కొట్టేసే వాక్యాలు పట్టుకోవడానికి వాడుకుంటాను. వాక్యంలో చోటు ఒక్కటే ఉండి, ఆ భావం ఎవరిదో లేకపోతే దాని మీద గీత పెట్టేస్తాను.

ఆరో అడుగు: కనీసం మూడుసార్లు రానివ్వండి, మూడోసారి మార్చండి

ఒక్కసారి వర్ణించి వదిలేస్తే అది నేపథ్యం. తిరిగి తిరిగి వస్తేనే పాఠకుడు దానికేసి చూస్తాడు. అలాగని మూడుసార్లూ ఒకేలా వస్తే విసుగు.

మొదటిసారి సమాచారంలా రావాలి, ఏదో పని మీద వచ్చినట్టు. ఎడ్గార్ అలన్ పో 1839లో రాసిన అషర్ ఇంటి కథలో, కథకుడు ఇంటికి వస్తూ గోడ మీద పైకప్పు నుంచి కింద మడుగు దాకా వంకరగా దిగిన ఒక సన్నటి బీటను గమనిస్తాడు. పట్టి చూస్తే తప్ప కనపడనంత సన్నగా ఉంటుంది. అక్కడితో ఆ మాట వదిలేస్తాడు. కథంతా నడిచి, ఆ వంశంలో చివరి అన్నాచెల్లెళ్లు పోయాక ఆ బీటే విచ్చుకుని ఇల్లు మడుగులో కూలిపోతుంది. అషర్ ఇల్లు అంటే కట్టడమూ, వంశమూ రెండూ అని కథలోనే ముందొకచోట మామూలుగా అనేసి ఉంటాడు. బీటను మొదట్లోనే పెద్దగా చూపించి ఉంటే చివర కూలడం లెక్క సరిపోయినట్టు ఉండేది.

రెండోసారి చోటు అడ్డం పడాలి. ఎవరి పనినైనా ఆపాలి, ఎవరి కాలికైనా తగలాలి. మన కథలో మంచం కోడు ఆ పని చేసింది. చోటు కథనంలో వేలు పెట్టకపోతే దాన్ని తీసేసినా కథ కుంటదు, అప్పుడు అది తెర మీది బొమ్మే.

మూడోసారి మారాలి, లేదా మారాల్సిన చోట మారకపోవాలి. తమ్ముళ్లిద్దరూ ఉద్యోగాల మీద వెళ్లిపోయారు. రెండు గదులూ ఖాళీ. ఇప్పుడు మంచం సంగతేంటి? నేను మూడు ముగింపులు రాసి చూశాను.

ఆమె మంచాన్ని గదిలోకి మార్చుకుని హాయిగా నిద్రపోయింది. ఇది నా కోరిక, ఆమెది కాదు. పదేళ్ల పీటముడి ఒక్క రాత్రిలో విడిపోదు.

మంచం నడవలోనే ఉంచేసింది. నిజమే కావచ్చు, కానీ కథ మొదలైన చోటే ఆగింది.

మంచాన్ని గదిలోకి సగం లాగింది. తలవైపు లోపల, కాళ్లవైపు నడవలో. గడపకు అడ్డంగా ఉండటంతో తలుపు వేయడానికి రాదు. దీన్ని ఉంచుకున్నాను. మొదటి అడుగులో రాసుకున్న వాక్యాన్ని తీసి దీని పక్కన పెట్టాను: ఉంచుకోమన్నా చేతకాదు. సరిపోయింది. మీ ముగింపునూ అలాగే ఆ వాక్యంతో పోల్చి చూసుకోండి. రెండు కొసలూ ఇంకా లాగుతుంటే మంచిది. ఒకటి తెగిపోయి ఉంటే మళ్లీ రాయండి.

పోలిక కుదరని చోట్ల గురించి

చోటు పాత్రకు ఎదురుగా కూడా ఉండొచ్చు. లోపలంతా గందరగోళంగా ఉన్న మనిషి బల్ల మీద పెన్నులు వరుసగా, కొసలన్నీ ఒకే గీత మీద ఉండొచ్చు. అది పోలిక కాదు, కాపలా. ఆ వరుసలో ఒక పెన్ను తప్పిన రోజు ఏమవుతుందన్నదే కథ. ఇక ఓడ, ఎడారి, నగరం లాంటి పెద్ద చోట్లకు వేరే పద్ధతి లేదు. నగరమంతా ప్రతీక కాలేదు, పాత్ర రోజూ ఎక్కడ రోడ్డు దాటుతుందో ఆ మూల కాగలదు.

ఏడో అడుగు: వివరించిన వాక్యాన్ని కొట్టేయండి

అది ఉంటుంది. ఎంత జాగ్రత్తపడినా ఎక్కడో ఒకచోట “ఆ నడవలాగే ఆమె కూడా...” అని రాసే ఉంటారు. సాధారణంగా పేరా చివర్లో దాక్కుంటుంది.

ఎందుకు కొట్టేయాలో చెప్పడానికి మన అలంకార శాస్త్రంలో పాత ఉదాహరణ ఒకటుంది: “గంగాయాం ఘోషః”, గంగలో గొల్లపల్లె. నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గట్టు మీద అని అర్థం చేసుకుంటాం. మరి గట్టు మీద అనే అనొచ్చుగా? అంటే ఆ చల్లదనం, ఆ పవిత్రత స్ఫురించవు. ఆ స్ఫురణే వ్యంగ్యార్థం, అంటే మాటల్లో అనకుండానే తోచే అర్థం; దాన్నే ధ్వని అంటారు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ధ్వనే ఆత్మ అన్నది ఇలాంటి స్ఫురణను దృష్టిలో పెట్టుకునే. “గంగ గట్టు మీద పల్లె, అది చల్లగా పవిత్రంగా ఉంటుంది” అని రాస్తే సమాచారమంతా ఉంది, ధ్వని పోయింది.

కొట్టేశాక రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి, ఆ చోటులో మీ కథలోనే ఇంకో పాత్రను ఉంచి చూడండి. వర్ణనలో ఒక్క మాటా మార్చనవసరం లేకపోతే ఆ చోటు ఎవరిదీ కాదు. నడవలో చిన్న తమ్ముడు పడుకుని ఉంటే స్విచ్చి ఈపాటికి ఇటువైపుకి మార్పించేవాడు. రెండోది, కథ చదివిన స్నేహితుణ్ని “నడవ దేనికి ప్రతీక?” అని అడక్కండి. ఎవరైనా సరే పరీక్ష రాసినట్టు జవాబిస్తారు. “అక్క గురించి ఏం గుర్తుంది?” అని అడగండి. స్విచ్చి గురించో గోడ గురించో వాళ్లంతట వాళ్లే ఎత్తితే పని జరిగినట్టు.

నా కథలో నేను కొట్టేసిన వాక్యం ఇదీ: “ఎప్పుడు ఆర్పాలో ఆమెకు తెలియలేదు.” దాని ముందు వాక్యాన్ని ఉంచి, అక్కడే కథ ఆపేశాను:

“ఆ రాత్రి నడవలో దీపం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది.”